మదీరాలో ఆరు రోజులు

లండన్ నుంచి విమానంలో నాలుగు గంటలలోపే మదీరా, అట్లాంటిక్ సముద్రంలో పోర్చుగల్‌కి చెందిన దీవి. కానీ దిగడం మాత్రం అంత తేలిక కాదు. రన్‌వేలో కొంత భాగం సముద్రం ఒడ్డున కాంక్రీటు స్తంభాల మీద నిలబడి ఉంటుంది, ఇటుపక్క కొండలు, పైగా గాలి. మా విమానం ఒకసారి కిందికొచ్చి మళ్ళీ పైకి లేచింది. రెండోసారికి దిగింది గానీ, నా గోళ్ళ గుర్తులు మా ఆయన చేతి మీద సాయంత్రం దాకా ఉన్నాయి.

ముందు మూడు రాత్రులు దీవి రాజధాని ఫుంషాల్‌లో, కొండవాలు మీది చిన్న ఫ్లాట్‌లో ఉన్నాం. బాల్కనీలోంచి చూస్తే కింద రేవు, మధ్యలో ఊదారంగు జకరండా చెట్లు. "ఊరికి పది నిమిషాల నడక" అని రాశారు. దిగడానికి నిజంగానే పది నిమిషాలు. ఎక్కడానికి ఎంతో ఎవరూ రాయలేదు! మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింద ఒడ్డు దగ్గరే గది తీసుకోండి.

కేబుల్ కారులో మోంటే కొండెక్కి, తెల్లబట్టలు, గడ్డిటోపీల మనుషులిద్దరు తోసే బుట్టబండిలో జారుతూ దిగాం. సరదాగానే ఉంది, ఖరీదూ ఎక్కువే. పైగా అది మధ్యలోనే దింపేస్తుంది. అక్కణ్ణుంచి టాక్సీయో, కాళ్ళో.

అద్దెకారుతో మాత్రం తిప్పలు పడ్డాం. ఆన్‌లైన్‌లో చూసిన ధరకి కౌంటర్ దగ్గర ఇన్సూరెన్స్ పేరుతో దాదాపు అంతే మళ్ళీ కలిపారు. ఇచ్చిన బుల్లి కారేమో ఏటవాలు రోడ్డు కనపడితే ఆయాసపడేది.

తర్వాతి రెండు రాత్రులు ఉత్తరాన సావో విసెంతేలో. ఒకటే తుంపర, ఏడింటికల్లా వీధులు నిర్మానుష్యం. నాకు అదే నచ్చింది. ఇంటావిడ పొద్దున్నే చిలగడదుంప కలిపి పెనం మీద కాల్చిన వేడి రొట్టె, వెల్లుల్లి వెన్న తెచ్చిపెట్టేది. హోటళ్ళలో తిన్న అరటిపండు వేసిన చేప కూరకంటే అదే వెయ్యిరెట్లు నయం.

అసలు మదీరా అంటే లెవాడాలే. వానలెక్కువ పడే ఉత్తరం నుంచి ఎండిన దక్షిణానికి నీళ్ళు మళ్ళించడానికి కొండ అంచుల్లో వందల ఏళ్ళుగా తవ్వుకున్న సన్నటి కాలువలు. కాల్దెరావ్ వెర్దె దారిలో రానూపోనూ 13 కిలోమీటర్లు నడిచాం. ఒకపక్క గలగలా నీళ్ళు, రెండోపక్క లోయ, రాళ్ళ సందుల్లో ఫెర్న్‌లు. సొరంగాల్లో టార్చి తప్పనిసరి. ఆయన తల రెండుసార్లు కొట్టుకుంది.

"అచ్చం మన బోదె కాలువే కదూ," అంటూ వంగి నీళ్ళలో చెయ్యి పెట్టారు. కోనసీమ మనిషి, కాలువ కనపడితే ఆగరు.

దక్షిణాన మెట్లుమెట్లుగా అరటితోటలు. చివరిరోజు అక్కడి బుల్లి అరటిపళ్ళు నాలుగు కొన్నాం. మొదటిది ఒలిచి, కాసేపు నమిలి, "అమృతపాణి ముందు దిగదుడుపే," అని తీర్పిచ్చారు. మిగతా మూడూ ఎయిర్‌పోర్టు చేరేలోపు ఆయనే తినేశారు.