పుస్తకం రాసుకునేవాళ్లకు మెట్రో: మియాపూర్ – ఎల్బీనగర్ లైను

నా ఇల్లు మియాపూర్‌లో, ఉద్యోగం ఎల్బీనగర్‌లో. డయాగ్నస్టిక్ సెంటర్లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఇంట్లో ఇద్దరు పిల్లలు, మంచంలో ఉన్న అత్తమ్మ. కోరుట్లలో బీడీలు చేసి మమ్మల్ని చదివించిన మా అమ్మ గురించి ఒక పుస్తకం రాయాలని ఎన్నో ఏళ్ల కోరిక. రాత్రి అందరూ పడుకున్నాక కూర్చుంటే కళ్లు మూతలు పడతాయి. తెల్లవారుజామున లేస్తే టిఫిన్ బాక్సుల పనే సరిపోతుంది. నాకంటూ దొరికిన సమయమంతా మెట్రో రెడ్ లైన్‌లోనే. అందుకే రాసుకునేవాళ్ల వైపు నుంచి ఈ రివ్యూ.

లైను పొడవు 29 కిలోమీటర్లు, 27 స్టేషన్లు. ఆ కొస నుంచి ఈ కొసకు గంటలోపే. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట – ఎల్బీనగర్ ముక్క తెరవకముందు నేను బస్సులు మారి వెళ్లేదాన్ని, రాత మాట తలపెట్టే వీలే లేదు. ఇప్పుడు నేను ఎక్కేదీ దిగేదీ రెండూ చివరి స్టేషన్లే కావడం కలిసొచ్చింది. పొద్దున బండి ఖాళీగా మొదలవుతుంది, ఆడవాళ్లకు కేటాయించిన చోట సీటు దొరుకుతుంది. ఒళ్లో బ్యాగు, దాని మీద గట్టి అట్ట ఉన్న లాంగ్ నోట్‌బుక్. బాల్‌పెన్ను సాఫీగా నడుస్తుంది. బ్రేకు పడ్డప్పుడు మాత్రం చెయ్యి ఆపాలి.

కూకట్‌పల్లి దాటేదాకా నిన్నటి పేజీ చదువుకుంటాను. మూసాపేట నుంచి రాత మొదలు. అమీర్‌పేటలో జనం ఒక్కసారిగా ఎక్కుతారు, మోచేతులు తగులుతాయి. అప్పటికి పేరా మధ్యలో ఉంటే ఏదీ పట్టదు. ఆకు కత్తిరించే అధ్యాయం దాదాపు అంతా ఖైరతాబాద్, మలక్‌పేట మధ్యే రాశాను: అమ్మ రాత్రే తునికాకు తడిపి గోనెగుడ్డలో చుట్టి పెట్టడం, పొద్దున రేకు కొలత పెట్టి కత్తెరతో కోయడం, ఒళ్లో చాట, చాటలో తంబాకు, చుట్టిన బీడీకి దారం కట్టి మూతి మడవడం. వెయ్యి బీడీల లెక్క మీద కూలీ. ఆ వెయ్యీ ఆమె ఒక్కచోట కూర్చుని చేసింది కాదు. అన్నం ఉడికేలోపు కొన్ని, మా జడలు వేశాక కొన్ని. నేను కూడా స్టేషన్ల మధ్య ఎన్ని వాక్యాలు వస్తే అన్నీ తీసుకుంటున్నాను.

సాయంత్రం బండిలో నాకు రాత సాగదు. ఒళ్లు అలిసిపోతుంది, పొద్దుటి రాతలో ఎర్ర పెన్నుతో కొట్టివేతలు మాత్రమే చేస్తాను. ఫోన్‌లో టైపు చేయడం మానేశాను. వాట్సాప్ మోగిందంటే ఆ రోజుకు పుస్తకం అక్కడే ఆగుతుంది. అమ్మ పీఎఫ్ కాగితాలు, కార్ఖానా పాస్‌బుక్కు ముందేసుకుని రాయాల్సిన భాగాలు కూడా ఇక్కడ కుదరవు. అవి ఆదివారానికే.

2025 మేలో ఛార్జీలు పెరిగాయి. బస్సుతో పోలిస్తే ఖర్చు ఎక్కువే. ఆ గంట కోసం నేను మనస్ఫూర్తిగా కడుతున్నాను, ఇంట్లో అంతసేపు నన్ను ఎవరూ పిలవకుండా ఉండే గది లేదు.

మధ్య స్టేషన్లలో, ముఖ్యంగా అమీర్‌పేటలో ఎక్కేవాళ్లకు ఇది సిఫారసు చేయను. నిలబడి నోట్‌బుక్ పట్టుకోవడం కుదరదు. మియాపూర్‌లోనో ఎల్బీనగర్‌లోనో ఎక్కేవాళ్లయితే పొద్దున ఎనిమిదిలోపు బండి చూసుకోండి. పెన్నులు రెండు పెట్టుకోండి.