పెడన కలంకారీ స్టోల్: రంగు బాగుంది, కుట్టుతోనే పేచీ

మచిలీపట్నం పక్కన పెడనలో ఒక అద్దకం షాపులో కాటన్ స్టోల్ తీసుకున్నా, 900 అయింది. బేరమాడినా తగ్గలేదు, పని చూశాక నేనూ ఎక్కువ లాగలేదు. అసలు విషయం రంగులే. నలుపు కోసం తుప్పు పట్టిన ఇనప ముక్కల్ని బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడతారు, ఆ నీళ్లు కరక్కాయ పట్టించిన బట్ట మీద పడితేనే నల్లగా తిరుగుతాయి. ఎరుపుకైతే ముందు పటిక అద్ది, తర్వాత మంజిష్ఠ లాంటి వేళ్లతో ఉడకబెడతారు. నా స్టోల్‌లో ఎరుపు ఇటుక రంగులో హాయిగా ఉంది. ధగధగలాడే ఎరుపు కావాలంటే ఇది మీకు కాదు. దగ్గరగా చూస్తే లత మధ్యలో, రెండు చెక్క అచ్చుల ముద్రలు కలిసే చోట నల్ల గీత వెంట్రుకవాసి పక్కకి జరిగింది, వెనక్కి తిప్పితే రంగు అటు కూడా దిగింది. చేత్తో అద్దిన పని అని తెలిసిపోతోంది, నాకైతే అదే నచ్చింది. బజార్లో కలంకారీ పేరుతో 200కి అమ్మే స్క్రీన్ ప్రింట్లతో దీన్ని పోల్చకండి.

చిరాకు పెట్టింది అంచు కుట్టు. రెండు ఉతుకులకే ఒక మూల దారం ఊడింది, ఇంత పనితనం చేసి అక్కడ కక్కుర్తి ఏంటో! పసుపు కూడా మొదటిసారి కాస్త వదిలింది, విడిగా కుంకుడు రసంతో ఉతికి నీడలో ఆరేయండి. అక్కడే నీలిమందు స్టోల్ కూడా చూశా, చేత్తో రుద్దితే రంగు అంటింది, వదిలేశా.