పొద్దున్న గంట నడకా, తిన్నాక పది నిమిషాలా? షుగరుకు ఏది మేలు?

మా పర్లాకిమిడిలో షుగరున్న వాళ్లకి తెలుగులో చెప్పినా ఒడియాలో చెప్పినా డాక్టర్ల మాట ఒక్కటే: నడవండి. ఎప్పుడన్నది మాత్రం మనమే తేల్చుకోవాలి. మా బావ తెల్లారకముందే లేచి మహేంద్రతనయ ఏటివైపు గంటసేపు నడిచొస్తాడు, ఆ తర్వాత రాత్రిదాకా కుర్చీ దిగడు. నేను బద్ధకస్తుణ్ణి, తిన్న పూటల్లా పది నిమిషాలు మా వీధిలో అటూ ఇటూ తిరుగుతాను. ఎవరిది సరైన పద్ధతని ఏడాదిగా మా ఇద్దరికీ వాదన.

కండ కదిలితే ఇన్సులిన్ మీద పెద్దగా ఆధారపడకుండానే రక్తంలోంచి గ్లూకోజ్ లాగేసుకుంటుంది. షుగరు ఎక్కువగా ఎగబాకేది తిన్న గంట, రెండు గంటల్లోనే కాబట్టి అప్పుడు కాళ్లు ఆడిస్తే ఆ పెరుగుదలకి అక్కడే కళ్లెం పడుతుంది. న్యూజిలాండ్‌లో ఒటాగో యూనివర్సిటీ వాళ్లు 41 మంది టైప్ 2 పేషెంట్ల చేత రెండు రకాలుగానూ నడిపించి చూసి 2016లో అచ్చువేశారు. రోజులో ఎప్పుడో ఒకప్పుడు 30 నిమిషాలు నడిచినప్పటికంటే, మూడు పూటలా తిన్న వెంటనే పదేసి నిమిషాలు నడిచినప్పుడు భోజనం తర్వాతి షుగరు సగటున 12 శాతం తక్కువగా ఉంది, రాత్రి భోజనం దగ్గరైతే 22 శాతం. రాత్రే కదా మనం కంచం నిండా అన్నం తిని టీవీ ముందు చతికిలబడేది!

అయితే బావ వాదన కొట్టిపారేయలేను. వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త చురుగ్గా కదలాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. చురుగ్గా అంటే మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత ఆయాసం రావాలి. నా నడకలో హాయిగా కచేరీ చేయొచ్చు. బరువుకీ బీపీకీ గుండెకీ ఆయన నడకే మేలు.

ఆ నడకలో ఉన్న చిక్కు పరగడుపు. బావ గ్లిమెపిరైడ్ వాడతాడు, ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువ ఊరేలా చేసి షుగరు తగ్గించే మాత్ర అది. ఒకరోజు మాత్ర వేసుకుని ఏమీ తినకుండా బయల్దేరాడు, తిరిగొచ్చేటప్పుడు షుగరు మరీ పడిపోయి చెమటలు, చేతుల్లో వణుకు, ఎదురుగా ఉన్న బోర్డు చదవలేకపోయాడట. టీ కొట్టువాడు మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాక గానీ మామూలు మనిషి కాలేదు. ఇన్సులిన్ వాడేవాళ్లకీ ఇదే భయం. ఒక్క మెట్‌ఫార్మిన్‌తో నెట్టుకొచ్చేవాళ్లకి ఆ ముప్పు చాలా తక్కువ. ఇక అరికాళ్లు తిమ్మిరెక్కేవాళ్లు ఏ నడకైనా సరే ఉత్తకాళ్లతో నడవొద్దు, ముల్లు దిగినా తెలీదు.

ఒక్కటే ఎంచుకోమంటే షుగరు వరకూ నా ఓటు రాత్రి భోజనం తర్వాతి పది నిమిషాలకే. బావ ఒప్పుకోలేదు గానీ ఈమధ్య తొమ్మిదయ్యేసరికి మా గుమ్మంలో నిలబడి "చెప్పులేసుకోరా" అంటున్నాడు. దార్లో ఛెనాపోడ (పనీరూ పంచదారా కలిపి కాల్చే ఒడియా మిఠాయి) అమ్మే కొట్టుంది, అదొక్కటే టెన్షన్.