నాలుగేళ్లుగా రామభద్రతో: ఫ్యాన్‌ఫిక్షన్ టైటిళ్లకు ఈ ఫాంట్ ఎంతవరకు పనికొస్తుంది?

"జ్యోత్స్న మేడ". నేను బ్యానర్ (పేరు రాసిన కవర్ బొమ్మ) చేసిన మొదటి కథ పేరు ఇది. ఫోన్‌లో టైప్ చేసి, సేవ్ చేసి, రాసినామెకు పంపాను. అయిదు నిమిషాల్లో జవాబు: "గిట్ల విరిగిపోయిందేందన్నా?" చూస్తే నిజమే. త కింద ఒదగాల్సిన స ఒత్తు, న ఒత్తు ఊడిపోయి, పొల్లులతో పక్కపక్కన నిలబడి ఉన్నాయి. పగలంతా హన్మకొండలో డీటీపీ షాపులో కూర్చుని పెళ్లికార్డులు, సంతాపం ఫ్లెక్సీలు చేసేవాణ్ణి, ఒక్క పేరు సరిగ్గా పెట్టలేకపోయానని సిగ్గేసింది.

ఆమె కరీంనగర్ అమ్మాయి. ఒక టీవీ సీరియల్‌లో రచయితలు సగంలో వదిలేసిన జంటకు తనే ముగింపు రాసుకుంటోంది. ఇట్లా అభిమానులు సొంతంగా అల్లుకునే కథలనే ఫ్యాన్‌ఫిక్షన్ అంటారు. జ్యోత్స్న మాత్రం సీరియల్‌లో లేదు, ఈమె కల్పించిన పాత్ర. అక్కణ్నుంచి ఆమె స్నేహితులు, వాళ్ల స్నేహితులు... ఇప్పటికి ఎన్ని బ్యానర్లు చేశానో లెక్క పెట్టలేదు గానీ, వాటిలో సగానికి పైగా రామభద్ర ఫాంట్‌తోనే చేశాను. కాబట్టి దాని మంచీ చెడూ చెప్పే హక్కు కొంత ఉందనుకుంటున్నాను.

మొదట ఆ విరిగిన ఒత్తుల సంగతి. తప్పు ఫాంట్‌ది కాదు, నేను అప్పుడు వాడిన యాప్‌ది. తెలుగులో అక్షరాలు వరసగా పేర్చితే చాలదు, ఏ హల్లు కింద ఏ ఒత్తు ఎక్కడ కూర్చోవాలో ప్రోగ్రామ్ లెక్కగట్టాలి. ఆ పని చేతకాని ఎడిటర్‌లో ఎంత మంచి ఫాంట్ వేసినా అంతే. కొత్త యాప్ ఏది దింపినా నేను ముందు "జ్యోత్స్న", తర్వాత "రాష్ట్రం" కొట్టి చూస్తాను. రెండూ నిలబడితేనే ఉంచుకుంటాను. కంప్యూటర్ ఉన్నవాళ్లకు బొమ్మలు చేసే జింప్, ఇంక్‌స్కేప్ ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతాయి, రెండింట్లోనూ తెలుగు చక్కగా కుదురుతుంది. పాత ఫోటోషాప్ వెర్షన్లలో అయితే టైప్ సెట్టింగుల్లోకి వెళ్లి, భారతీయ లిపులకు పనికొచ్చే టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోవాలి. అది తెలియక చాలామంది "ఫోటోషాప్‌లో తెలుగు రాదు" అనేస్తుంటారు.

ఇక రామభద్ర. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది. అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర వాళ్లు విడుదల చేయించిన ఫాంట్లలో అష్టదిగ్గజాల పేర్లు ఎనిమిదీ ఉన్నాయి: పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన్న, రామభద్ర, సురన్న, రామరాజ, తెనాలి రామకృష్ణ. లైసెన్సు కూడా దయగలది. బ్యానర్‌కు డబ్బులు తీసుకున్నా ఎవరూ అడగరు, ఫాంట్ ఫైలునే విడిగా అమ్ముకోకూడదు, అంతే. షాపులో మేం వాడే అను ఫాంట్లతో ఇంకో చిక్కు ఉంది. అవి యూనికోడ్ (అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర పద్ధతి) కావు. అక్కడ కొట్టిన మేటర్ కాపీ చేసి ఫోన్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి ఇంగ్లిషు అక్షరాలు వస్తాయి. రామభద్రతో ఆ బాధ లేదు. కథ రాసినవాళ్లు వాట్సాప్‌లో పంపిన పేరే నేరుగా తెచ్చి పెట్టుకుంటాను.

దీని బలమంతా బొద్దుతనంలో ఉంది. ఈ కథలు పెట్టుకునే వాట్‌ప్యాడ్ సైట్‌లో కవర్ కొలత 512 × 800 పిక్సెళ్లు. డిజైన్ చేసేటప్పుడు స్క్రీన్ నిండా కనిపిస్తుంది కాబట్టి ఏ ఫాంటైనా బాగున్నట్టే ఉంటుంది. పాఠకురాలు చూసేది మాత్రం కథల వరసలో, బొటనవేలి గోరంత బొమ్మ. ఆ గోరంతలో సన్నని ఫాంట్లన్నీ చీమల బారు అయిపోతాయి. రామభద్రలో పెట్టిన నాలుగక్షరాల పేరు అప్పుడు కూడా చదవొస్తుంది. నేను బ్యానర్ పూర్తయ్యాక ఫోన్‌ను టేబుల్ మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి చూస్తాను. మా షాపు ఓనర్ ఫ్లెక్సీ ప్రూఫులు అట్లాగే చూస్తాడు, ఆయన దగ్గర నేర్చిందే.

కానీ ఆ బొద్దుతనమే కొన్నిచోట్ల తంటా. ఇది ఒకే మందంలో వస్తుంది, సన్నం లేదు, మధ్యరకం లేదు. విరహం, ఉత్తరాలు, పాత డైరీ లాంటి కథకు రామభద్ర పెడితే మైకు పట్టుకుని ప్రేమలేఖ చదివినట్టు ఉంటుంది. రెండేళ్ల పాటు నాకిది అర్థం కాలేదు, అన్నింటికీ అదే వేశాను. ఇప్పుడు మెత్తని కథలకు సురన్న తీసుకుంటున్నా. ఉత్తరం రాసినట్టు కావాలంటే లక్కి రెడ్డి ఉంది, అది ఒకరి చేతిరాత నుంచే తయారైంది. ఉపశీర్షికకు, "అధ్యాయం 12" లాంటి చిన్న వరుసకు సురవరం. సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు పెట్టిన ఫాంట్ అది, పత్రికల కోసమని చేసింది, చిన్న సైజులో శుభ్రంగా కనిపిస్తుంది. ఒకే కుటుంబంలో సన్నం నుంచి మందం దాకా, ఇరుకు నుంచి వెడల్పు దాకా అన్నీ కావాలంటే అనేక్ తెలుగు. పేరు పొడవై ఒక వరుసలో పట్టనప్పుడు దాని ఇరుకు రకం ఎన్నోసార్లు ఆదుకుంది.

రామభద్ర వాడేవాళ్లకు పనికొచ్చే కిటుకు ఒకటి చెప్తాను. అక్షరం చుట్టూ తెల్ల గీత వేద్దామని స్ట్రోక్ ఆన్ చేస్తే, అక్షరం మీద ఒత్తు ఎక్కిన చోట, గుడి కలిసిన చోట లోపల కూడా గీతలు పడుతుంటాయి. కారణం, అక్షరాన్ని ముక్కలుగా గీసి ఒకదాని మీద ఒకటి పెడతారు, యాప్ ఆ ముక్కల అంచులన్నీ గీసేస్తుంది. "స్నే"కు ఇట్లా జరిగి కుట్లు పడ్డ గాయంలా కనిపించింది ఒకసారి. మందు సులువే. టెక్స్ట్ లేయర్ కాపీ చేసుకోవాలి. కింది దానికి మందంగా స్ట్రోక్ వేయాలి, పైదానికి ఏమీ వేయకుండా సరిగ్గా దాని మీద కూర్చోబెట్టాలి. లోపలి గీతలన్నీ పైపొర కింద దాక్కుంటాయి.

అక్షరాల మధ్య ఖాళీ పెంచే స్లైడర్‌ను తెలుగుకు నేను ముట్టుకోను. ఇంగ్లిషులో అది అందం, మనకు ఒత్తు ఒకవైపు, అక్షరం ఒకవైపు పోయే ప్రమాదం. వరుసల మధ్య దూరం మాత్రం చేత్తో సర్దాల్సిందే. పై వరుసలో ఒత్తు, కింది వరుసలో గుడి ఎదురెదురుగా వస్తే ఢీకొంటాయి. అప్పుడు దూరం పెంచేకన్నా మాటను విరిచే చోటు మార్చడం మేలు.

ఇంకొకటి, కంటికి కనిపించని అక్షరం. "ఫ్యాన్‌ఫిక్షన్" అని రాయబోతే "ఫ్యాన్ఫిక్షన్" అయి, న కింద ఫ ఒత్తు వచ్చి కూర్చుంటుంది. మధ్యలో కలవకుండా ఆపే యూనికోడ్ గుర్తు (ZWNJ) ఒకటి పెట్టాలి. దాన్ని నోట్స్‌లో దాచుకుని కాపీ చేసుకుంటాను. ఇంగ్లిషు పేర్లున్న హీరోలకు ఇది తరచూ అవసరం పడుతుంది.

వెనక బొమ్మల గురించి ఎక్కువ చెప్పను. సీరియల్ నటుల ఫోటోలు నేను వాడను. అవి మనవి కావు, పైగా ముఖం పెట్టగానే చూపు పేరు మీదికి పోదు. నా ఫోన్‌తో నేనే తీసిన భద్రకాళి చెరువు సాయంత్రాలు చాలా బ్యానర్లకు సరిపోయాయి. వరంగల్ కోటలోని తోరణాల్లో ఒకదాన్ని ఎదురుగా నిలబడి తీసిన ఫోటో అయితే బంగారం. రెండు పక్కలా స్తంభాలు, పైన అడ్డదూలం, మధ్యలో ఖాళీ ఆకాశం. పేరు పెట్టుకోమని కాకతీయులే చోటు వదిలినట్టు ఉంటుంది. ఆ ఖాళీలో రామభద్ర తెల్లగా పెడితే ఇంకే అలంకారమూ అక్కర్లేదు.

పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా, పీఎన్‌జీలో పంపండి. లేకపోతే ఎర్ర అక్షరాల అంచులు మసకబారుతాయి.

నా మార్కులు: సస్పెన్స్, యాక్షన్, కామెడీ కథల టైటిళ్లకు రామభద్రకు అయిదుకు నాలుగున్నర. ప్రేమకథలకు రెండు, అదీ మొహమాటంతో.

పోయిన నెల కరీంనగర్ అమ్మాయి రెండో భాగం మొదలుపెట్టింది. "జ్యోత్స్న చెల్లె పేరు వెన్నెల పెట్టిన అన్నా. అర్థం గదే, నీకు ఒత్తుల బాధ తప్పుతది" అన్నది. న్నె ఉంది కదా అని నేను అనలేదు. సురన్నలో పెట్టి చూశాను, ఆ ఒక్క ఒత్తు ఎత్వం కింద బుద్ధిగా కూర్చుంది.