మణికట్టు తిమ్మిరికి ఆపరేషన్: చిన్న కోత మేలా, కెమెరా పద్ధతి మేలా?

బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి అర్ధరాత్రి మెలకువ వస్తోందా? చేయి విదిలిస్తే కాస్త ఊరట కలుగుతోందా? అది కార్పల్ టన్నెల్ జబ్బు కావచ్చు. మణికట్టు ఎముకల మీద అడ్డంగా బిగిసి ఉండే లిగమెంటు అనే గట్టి కణజాలం కింద ఒక ఇరుకు దారి ఉంటుంది. వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయువులతో పాటు మీడియన్ నరం కూడా అందులోంచే వెళ్తుంది. లోపల వాపు వస్తే నలిగేది ఆ నరమే. ధర్మవరం మగ్గాల దగ్గర, అనంతపురం టైలరు దుకాణాల్లో రోజంతా చేతులకు పని చెప్పేవారు ఈ తిమ్మిరిని తేలిగ్గా తీసుకోకూడదు. షుగర్, థైరాయిడ్ లోపం ఉన్నవారికి ముప్పు ఇంకా ఎక్కువ.

జబ్బు ముదరకపోతే రాత్రి పూట మణికట్టు వంగకుండా ఉంచే పట్టీ, అవసరమైతే ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ ముందు ప్రయత్నిస్తారు. ఆపరేషన్ తప్పదంటే, ఏ పద్ధతిలోనైనా చేసేది ఒక్కటే: ఆ లిగమెంటును పూర్తిగా తెగ్గోసి నరానికి చోటివ్వడం. తేడా అంతా దాన్ని చేరుకునే దారిలోనే ఉంది.

చిన్న కోత పద్ధతిని మినీ ఓపెన్ అంటారు. ఇందులో అరచేతి మీద సుమారు రెండు సెంటీమీటర్ల కోత పెడతారు. డాక్టరు నరాన్ని నేరుగా చూస్తూ లిగమెంటును కోస్తారు. చేతికి మాత్రమే మత్తు ఇస్తే చాలు, అదే రోజు ఇంటికి వెళ్లవచ్చు. ఇబ్బంది ఏమిటంటే, మచ్చ పడేది సరిగ్గా బరువు ఆనే చోట. పార, కొడవలి పట్టినప్పుడు కొన్ని వారాలు, కొందరికి నెలల తరబడి నొప్పి ఉంటుంది.

కెమెరా పద్ధతి అయిన ఎండోస్కోపీలో మణికట్టు ముడత దగ్గర చిన్న కోత పెట్టి, కెమెరా పంపి, లిగమెంటును లోపలి నుంచి కోస్తారు. అరచేతి చర్మం చాలావరకు చెక్కుచెదరదు కాబట్టి పట్టు త్వరగా వస్తుంది. రెండు పద్ధతులనూ పోల్చిన పరిశోధనలను కలిపి చూస్తే, ఎండోస్కోపీ చేయించుకున్నవారు సగటున వారం ముందే పనిలోకి వెళ్లారు. రోజు కూలీకి ఆ వారం చిన్నది కాదు. కానీ కొన్ని నెలలు గడిచాక ఉపశమనంలో పెద్ద తేడా కనిపించలేదు. పైగా నరం తాత్కాలికంగా ఇబ్బందిపడటం ఎండోస్కోపీలో కొంత ఎక్కువ. పరికరాల వల్ల ఖర్చూ పెరుగుతుంది. ఇంతకుముందు అదే చేతికి ఆపరేషన్ అయినవారికి, లోపల గడ్డ ఉన్నవారికి ఓపెన్ పద్ధతే సురక్షితం.

అల్ట్రాసౌండ్ చూస్తూ కొన్ని మిల్లీమీటర్ల రంధ్రంలోంచి చేసే పద్ధతి కూడా ఉంది. అందులో బాగా చేయి తిరిగిన డాక్టరు దొరికితేనే దాని మాట.

నా ఓటు మినీ ఓపెన్‌కే. కెమెరా కోసమే అనంతపురం నుంచి బెంగళూరు వెళ్తే, కుట్లు విప్పించుకోవడానికి మళ్లీ ప్రయాణం, తోడు వచ్చేవారికీ పని పోవడం. ఎండోస్కోపీతో కలిసొచ్చిన వారం అక్కడే ఖర్చవుతుంది. ఎండోస్కోపీ తరచూ చేసే డాక్టరు దగ్గరలోనే ఉంటే నిరభ్యంతరంగా దాన్నే ఎంచుకోండి. అయితే ఒక ప్రశ్న తప్పక అడగండి: లోపల స్పష్టంగా కనిపించకపోతే ఏం చేస్తారు? వెంటనే ఓపెన్‌కు మారతామని చెప్పే డాక్టరును నమ్మవచ్చు.

రెండు చేతులకూ జబ్బు ఉంటే ఎక్కువ బాధపెట్టే చేతికి ముందు చేయించుకోండి. అన్నం తినడానికి, స్నానానికి రెండో చేయి ఖాళీగా ఉండాలి. బొటనవేలి మొదట్లోని కండ ఇప్పటికే పలచబడి ఉంటే మాత్రం పద్ధతి గురించి ఆలోచిస్తూ కాలయాపన చేయకండి, ఈ వారమే డాక్టరుకు చూపించండి.