పాలపంటి మూలకణాల నిల్వ సేవ: కణాల సంగతి వేరు, ప్యాకేజీ సంగతి వేరు

తిరుపతిలో ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు ఉన్న ఒక దంత వైద్యశాలలో, పిల్లల పాలపళ్ల నుంచి మూలకణాలను (వేరే రకాల కణాలుగా మారగల స్టెమ్ సెల్స్‌ను) తీసి వేరే నగరంలోని ప్రయోగశాలలో ఏళ్ల తరబడి భద్రపరుస్తామని ఒక సంస్థ తన సేవను అమ్ముతోంది. మా అబ్బాయికి కింది ముందుపళ్లు కదులుతుంటే చూపించడానికి వెళ్లినప్పుడు ఆ సంస్థ ప్రతినిధి రంగుల కరపత్రం చేతిలో పెట్టి, "సార్, ఇది మీ బాబుకు జీవితకాలపు రక్షణ" అన్నారు. రుసుము కొత్త స్కూటరు ధరకు దగ్గరగా ఉంది కాబట్టి, సంతకం పెట్టే ముందు కరపత్రంలోని ప్రతి మాటనూ విడివిడిగా పరిశీలించాను. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి సేవ ఏ పేరుతో ఎదురైనా అడగవలసిన ప్రశ్నలు ఇవే.

ముందుగా కరపత్రంలో నిజమున్న భాగం చెప్పాలి, ఎందుకంటే అది తక్కువేమీ కాదు. 2000లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో పనిచేస్తున్న గ్రాంథోస్, సాంగ్‌టావో షీ, వారి సహచరులు జ్ఞానదంతాల గుజ్జులో, అంటే పంటి లోపలి మెత్తని కణజాలంలో, మూలకణాలున్నాయని చూపించారు. 2003లో మియురా, షీ తదితరులు ఊడిపోయే పాలపళ్లలోనూ అవి ఉన్నాయని ప్రకటించారు. 2004లో పంటిని ఎముకకు పట్టి ఉంచే పొరలోనూ, ఆ తర్వాత ఇంకా ఎదుగుతున్న వేరు కొన దగ్గరి మెత్తని కణజాలంలోనూ ఇలాంటి కణాలే దొరికాయి. పిండదశలో ఇవి నాడీ వ్యవస్థకు దగ్గరి మూలం నుంచి, అంటే న్యూరల్ క్రెస్ట్ నుంచి వచ్చినవి కావడం వల్ల, ఎముక మజ్జలోని మూలకణాలకూ వీటికీ పోలికలతో పాటు తేడాలూ ఉన్నాయి. నాడీకణాలను బతికించే పోషక ప్రోటీన్లను ఇవి బాగా విడుదల చేస్తాయి. ప్రయోగశాలలో ఎముక మజ్జ కణాల కంటే వేగంగా పెరుగుతాయి, పాలపంటి కణాలైతే జ్ఞానదంతపు కణాల కంటే కూడా వేగంగా పెరుగుతాయి. తగిన ద్రవంలో పెంచితే ఎముక వైపు, కొవ్వు వైపు, మృదులాస్థి వైపు మళ్లుతాయి. పంటిలోని గట్టి పదార్థమైన డెంటిన్‌ను తయారుచేసే కణాలుగానూ మారగలవు. రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాల ఉధృతిని తగ్గించే గుణం కూడా ప్రయోగాల్లో కనిపించింది.

ఇక్కడ కరపత్రం చెప్పని విషయం ఒకటుంది, నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించిందీ అదే. పాలపంటి కణాలను ఎలుకల్లో అమర్చినప్పుడు కొత్త ఎముక ఏర్పడింది గానీ, ఆ ఎముకను కట్టినవి ప్రధానంగా ఆ కణాలు కావు. అవి ఇచ్చిన సంకేతాలకు స్పందించి ఎలుక సొంత కణాలే ఆ పని చేశాయి. అంటే ఈ కణాలు చాలా సందర్భాల్లో తామే అవయవంగా మారడం ద్వారా కాక, చుట్టుపక్కల కణాలను పనికి పురమాయించడం ద్వారా మేలు చేస్తాయి. "మీ బాబు పంటి నుంచి రేపు కాలేయం తయారవుతుంది" అని ప్రతినిధి అన్న మాటకూ ఈ వాస్తవానికీ ఎంత దూరముందో చదివేవారే గ్రహించగలరు.

మనుషుల్లో జరిగిన చికిత్సల విషయానికి వస్తే, గట్టిగా చెప్పుకోదగినవి దాదాపుగా పంటికి సంబంధించినవే. జపాన్‌లో నకషిమా బృందం ఐదుగురు రోగుల పళ్లలో వారి సొంత పంటి కణాలను అమర్చిన ప్రాథమిక అధ్యయనాన్ని 2017లో ప్రచురించింది. 2018లో చైనాలోని షియాన్ పరిశోధకులు, దెబ్బ తగిలి ముందుపంటి లోపలి గుజ్జు చచ్చిపోయిన పిల్లలకు వారి పాలపంటి కణాలనే పెంచి అమర్చగా, రక్తనాళాలతో, స్పర్శతో కూడిన గుజ్జు మళ్లీ ఏర్పడిందని చూపించారు. ఇది నిజంగా గొప్ప ఫలితం. అయితే ఆ కణాలు ఏ బ్యాంకులోనూ ఇరవై ఏళ్లు గడ్డకట్టి ఉన్నవి కావు. ఆ పిల్లల నోట్లో ఇంకా మిగిలి ఉన్న పాలపంటి నుంచి చికిత్స కోసమే తీసి పెంచినవి. ఈ ఫలితాన్ని కరపత్రం మొదటి పేజీలో వేసుకున్న సంస్థ ఆ తేడాను ఎక్కడా ప్రస్తావించలేదు.

మూడో పేజీలోని వ్యాధుల జాబితా మాత్రం క్షమించరానిది. మధుమేహం, పార్కిన్సన్స్ వంటివాటి మీద జరిగినవి ఎక్కువగా జంతువుల మీది ప్రయోగాలే అన్న సంగతి దాచడం ఒక ఎత్తయితే, తలసేమియా, రక్త క్యాన్సర్లను కూడా అందులో చేర్చడం మరో ఎత్తు. రక్తాన్ని తయారుచేసే మూలకణాలు వేరు, పంటి గుజ్జులో ఉండేవి వేరు. రక్త మూలకణాల మీద కనిపించే సీడీ34 అనే ప్రోటీన్ గుర్తు పంటి మూలకణాల మీద సాధారణంగా ఉండదు. వాటిని గుర్తించేది సీడీ73, సీడీ90, సీడీ105 వంటి వేరే గుర్తులతో. పైగా తలసేమియా జన్యులోపం కనుక ఆ బిడ్డ సొంత కణాలన్నిటిలోనూ అదే లోపం ఉంటుంది. నెలనెలా రక్తం ఎక్కించుకునే పిల్లల తల్లిదండ్రులు ఈ కాగితం చదివి ఏం ఆశించి డబ్బు కడతారో ఆ సంస్థ ఆలోచించి ఉంటే ఈ పేజీ అచ్చయ్యేది కాదు.

సేకరణ పెట్టెను తెరిచి చూపించమని అడిగితే ప్రతినిధి అభ్యంతరం చెప్పలేదు. థర్మోకోల్ పెట్టెలో రెండు ఐస్ ప్యాకులు, మధ్యలో బొటనవేలంత గొట్టం, అందులో గులాబీ రంగు ద్రవం ఉన్నాయి. ఆ రంగు ఫినాల్ రెడ్ అనే సూచికది. ద్రవం ఆమ్లగుణానికి మారితే అది పసుపు పచ్చబడుతుంది. నాకు చూపించిన గొట్టంలో ద్రవం అంచుల దగ్గర నారింజ వైపు తిరిగి ఉంది. గడువు తేదీ ముద్రించిన చీటీ తడిసి చెదిరిపోయింది. "అది డెమో పీస్ సార్, అసలుది కొత్తది వస్తుంది" అన్నారు. అలాగే కావచ్చు.

పన్ను దానంతట అది ఊడే దాకా ఆగకూడదన్నది మాత్రం వారు సరిగ్గానే చెప్పారు. ఊడే సమయానికి వేరు కరిగిపోయి, గుజ్జుకు రక్తప్రసారం తెగిపోయి ఉంటుంది. వేరు కొంత మిగిలి, గుజ్జు ఎర్రగా ఉన్నప్పుడే డాక్టరు తీయాలి. ఊడిన పంటిని పేడలో చుట్టి మిద్దె మీదికి విసరమనే మా అవ్వ ఈ మాట విని, కదిలే పన్నును కోసి మరీ పెట్టెలో దాచడమేమిటని చాలాసేపు నవ్వింది. అయితే ఒక ముందుపంటి నుంచి మియురా బృందానికి దొరికిన మూలకణాలు సుమారు 12 నుంచి 20 మాత్రమే. చికిత్సకు పనికిరావాలంటే వాటిని ప్రయోగశాలలో లక్షల సంఖ్యకు పెంచాలి. అందుకే అడగవలసిన ముఖ్యమైన ప్రశ్న, వీరు నిల్వ చేసేది పెంచిన కణాలనా, లేక తీసిన గుజ్జును ఉన్నదున్నట్టుగానా అన్నది. నాకు చూపించిన నమూనా ధ్రువపత్రంలో "కణజాలం నిల్వ చేయబడినది" అని మాత్రమే ఉంది. ఎన్ని కణాలు, వాటిలో బతికున్నవి ఎన్ని, బ్యాక్టీరియా, మైకోప్లాస్మా (పెంచే కణాలకు సోకే ఒక సూక్ష్మజీవి) పరీక్షల ఫలితమేమిటి, కణాల మీది గుర్తులను పరీక్షించారా అన్న గడులు అందులో అసలు లేవు. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో పెడతారన్న మాటను మాత్రం నాలుగు చోట్ల రాశారు. చల్లదనానికి లోటు లేదు. లోపల ఏముందన్నదే తెలియదు.

ఒప్పందపు కాగితం ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో ఉంది. భవిష్యత్తులో ఈ కణాలు ఏ చికిత్సకైనా ఉపయోగపడతాయని సంస్థ హామీ ఇవ్వదనీ, కణాలు పాడైతే కట్టిన రుసుముకు మించి బాధ్యత లేదనీ, వివాదం వస్తే సంస్థ ఉన్న నగరపు కోర్టుకే వెళ్లాలనీ అందులో స్పష్టంగా రాశారు. తెలుగు కరపత్రం ఇచ్చిన వాగ్దానాలన్నిటినీ ఇంగ్లీషు ఒప్పందం వెనక్కి తీసుకుంటోంది.

అన్నిటికంటే పెద్ద అభ్యంతరం అనుమతికి సంబంధించినది. భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ విభాగం కలిసి 2017లో వెలువరించిన జాతీయ మార్గదర్శకాల ప్రకారం, వ్యాపార ప్రాతిపదికన నిల్వ చేయడానికి అనుమతి ఉన్నది బొడ్డుతాడు రక్తానికి మాత్రమే. పంటి నుంచి తీసిన కణజాలం ఆ అనుమతిలోకి రాదు. ఔషధ నియంత్రణ సంస్థ లైసెన్సు ప్రతిని పంపమని ప్రతినిధిని అడిగాను. మర్నాడు వాట్సాప్‌లో కంపెనీ రిజిస్ట్రేషన్ పత్రం, ఐఎస్‌ఓ ధ్రువపత్రం వచ్చాయి. ఇవి కావు, లైసెన్సు కావాలని మళ్లీ రాస్తే, ఈ నెలాఖరు దాకా రుసుములో తగ్గింపు ఉందన్న సందేశం వచ్చింది.

దంత వైద్యశాల వరకు నాకు ఫిర్యాదు లేదు. అక్కడి డాక్టరమ్మ అబ్బాయిని భయపెట్టకుండా చూశారు, పన్ను తీయవలసిన అవసరం లేదని చెప్పారు. నిల్వ సేవ గురించి సూటిగా అడిగితే, గోడమీద దాని పోస్టరు ఉన్నా సరే, తన పిల్లలకు చేయించలేదని ఒప్పుకున్నారు. పైగా ఆమె చెప్పిన మరో సంగతి ఏ కరపత్రంలోనూ లేదు. పిల్లలకు కొత్తగా వచ్చిన శాశ్వత ముందుపన్ను దెబ్బ తగిలి లోపల చచ్చిపోతే, దాని వేరు కొన ఇంకా మూసుకోని వయసైతే, వేరు లోపలి సన్నని గొట్టాన్ని మందులతో శుభ్రపరిచి, సన్నని ఫైలుతో వేరు కొనను దాటి కావాలనే కొంచెం రక్తం వచ్చేలా చేస్తారు. ఆ రక్తంతో పాటు వేరు కొన దగ్గరి మూలకణాలు లోపలికి చేరతాయి, పైన సిమెంటు వంటి పదార్థంతో మూసివేస్తారు. అనుకూలిస్తే ఎదుగుదల ఆగిపోయిన వేరు గోడలు మళ్లీ మందమవుతాయి. దీనికి బ్యాంకు అక్కర్లేదు, గులాబీ ద్రవం అక్కర్లేదు. అలాంటి దెబ్బ తగిలినప్పుడు మామూలు రూట్ కెనాల్‌కు ఒప్పుకునే ముందు, దంత వైద్య కళాశాలలో పిల్లల విభాగానికో రూట్ కెనాల్ నిపుణుల విభాగానికో వెళ్లి ఈ పద్ధతి కుదురుతుందేమో అడగండి.