పెద్ద తెర టికెట్‌కు కట్టే అదనపు సొమ్ము: ఎక్కడ దక్కుతుంది, ఎక్కడ పోతుంది

ప్రీమియం పెద్ద తెరల మీద ఏళ్ల తరబడి సినిమాలు చూశాక తేలిన విషయం ఇది: అదనపు సొమ్ము వసూలు చేసేది హాలు పేరు మీద. ఆ రోజు తెర మీద పడే బొమ్మ ఆ పేరుకు తగ్గట్టు ఉంటుందన్న పూచీ టికెట్ మీద ఎక్కడా కనిపించదు. ఐమ్యాక్స్ అనే పెద్ద తెర వ్యవస్థనే తీసుకోండి, ఒకే బోర్డు కింద మూడు నాలుగు తరాల ప్రొజెక్టర్లు నడుస్తున్నాయి. ఒకే హాల్లో ఈ వారం సినిమా తెర నిండా పడుతుంది, వచ్చే వారం సినిమా తెర ఎత్తులో ఐదో వంతు ఖాళీగా వదిలేస్తుంది. ధర రెండింటికీ ఒకటే. చూసినవాళ్లు మోసపోయామని బాధపడుతున్నారంటే అందులో తప్పేమీ లేదు.

పేరుకీ సరుకుకీ ఉన్న ఈ దూరం కొత్తది కాదు. 1970లో ఒసాకా ఎక్స్‌పోలో మొదటిసారి చూపించిన ఐమ్యాక్స్‌లో 70 ఎంఎం ఫిల్మ్ అడ్డంగా నడిచేది, ఒక్కో ఫ్రేముకు 15 రంధ్రాలు. ఆ బొమ్మ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 1.43:1, అంటే దాదాపు చతురస్రం. ఐమ్యాక్స్ అనగానే నేల నుంచి కప్పు దాకా నిలబడ్డ తెర గుర్తుకు రావడానికి కారణం అదే. 2008లో డిజిటల్ వచ్చింది. రెండు 2కే (అడ్డంగా సుమారు రెండు వేల చుక్కల బొమ్మ) జెనాన్ దీపం ప్రొజెక్టర్లు, 1.90:1 తెర. మల్టీప్లెక్సుల్లో ఉన్న హాలులోనే ముందు వరసలు కొన్ని తీసేసి, తెరను ముందుకు జరిపి అదే బోర్డు తగిలించారు. 2009లో అమెరికా ప్రేక్షకులు దీనిమీద గట్టిగా గొడవపడ్డారు. 'లైమ్యాక్స్' ('లై' అంటే అబద్ధం) అన్న వెక్కిరింపు పేరు అప్పటి నుంచీ ఉంది. 2014 చివర రెండు 4కే లేజర్ ప్రొజెక్టర్ల వ్యవస్థ వచ్చింది. ఇది 1.43 తెరను నింపగలదు. 2018లో వచ్చిన ఒంటి లేజర్ యంత్రం 1.90 దగ్గరే ఆగుతుంది. వీటిలో ఏది ఉందో చెప్పకుండా 'ఐమ్యాక్స్' అని మాత్రమే రాసి టికెట్ అమ్మడం దగ్గరే చిక్కంతా మొదలవుతుంది.

నిష్పత్తి లెక్క ఒకసారి అర్థమైతే సగం టికెట్ల విషయంలో ముందే నిర్ణయించుకోవచ్చు. భారీ సినిమాల్లో ఎక్కువ భాగం స్కోప్‌లో, అంటే 2.39:1లో ఉంటాయి. అలాంటి సినిమాను 1.90 తెర మీద వేస్తే ఎత్తులో దాదాపు 20 శాతం పైనా కిందా నల్ల పట్టీలకు పోతుంది. 1.43 తెర మీద అయితే 40 శాతం పోతుంది. ఒక ఉదాహరణ వేసుకుందాం. మామూలు హాల్లో స్కోప్ తెర వెడల్పు 16 మీటర్లు, పక్కనున్న ప్రీమియం హాల్లో 1.90 తెర వెడల్పు 17 మీటర్లు అనుకోండి. ప్రీమియం తెర ఎత్తు దాదాపు 9 మీటర్లు, ప్రకటనలో కనిపించేది ఆ అంకె. కానీ స్కోప్ సినిమా దాని మీద 7.1 మీటర్ల ఎత్తులోనే పడుతుంది. పక్క హాల్లో అదే బొమ్మ ఎత్తు 6.7 మీటర్లు. విస్తీర్ణంలో తేడా 13 శాతం. దీని కోసం ఎక్కువ ధర పెట్టడం మా దృష్టిలో దండగ.

'26 శాతం ఎక్కువ బొమ్మ' అన్న ఐమ్యాక్స్ ప్రచారం అబద్ధం కాదు. 2.39ను 1.90తో భాగిస్తే వచ్చేది అదే. కాకపోతే అది వర్తించాలంటే సినిమాను ఆ నిష్పత్తిలో తయారు చేసి ఉండాలి. ఐమ్యాక్స్ కెమెరాలతో గానీ, ఆ సంస్థ ఆమోదించిన డిజిటల్ కెమెరాలతో గానీ తీసిన సినిమాల్లో బొమ్మ పైకీ కిందకీ విస్తరిస్తుంది. కొన్నిటిలో మొత్తం సినిమా, చాలావాటిలో ఎంపిక చేసిన సన్నివేశాలు మాత్రమే. 'ఐమ్యాక్స్‌లో విడుదల' అని మాత్రమే ఉంటే బొమ్మనూ శబ్దాన్నీ ఆ వ్యవస్థకు తగ్గట్టు మళ్లీ సరిచేశారని అర్థం, అంతే. ఫ్రేము పెద్దదవుతుందని కాదు. 2023లో ఓపెన్‌హైమర్ వచ్చినప్పుడు 15 రంధ్రాల 70 ఎంఎం ఫిల్మ్ మీద చూపించిన హాళ్లు ప్రపంచం మొత్తం మీద సుమారు 30. 1.43 తెర ఉన్న కొన్ని జంట లేజర్ హాళ్లు తప్ప, మిగతా వందల ఐమ్యాక్స్ హాళ్లలో చూసినవాళ్లకు ఆ పొడవాటి ఫ్రేము పూర్తిగా దక్కలేదు.

తెర కొలత గురించి ఇంత మాట్లాడుకుంటాం గానీ, ఎక్కువసార్లు దెబ్బతినేది వెలుగు దగ్గర. డిజిటల్ సినిమా ప్రమాణం ప్రకారం 2డీ బొమ్మ తెర మధ్యలో 14 ఫుట్ లాంబర్ట్‌లు, అంటే 48 నిట్లు (రెండూ వెలుగు కొలమానాలే) ఉండాలి. 'డాల్బీ సినిమా' అనే ప్రీమియం హాళ్లలోని లేజర్ ప్రొజెక్టర్లు 31 ఫుట్ లాంబర్ట్‌లు ఇస్తాయి, నలుపు కూడా చాలా లోతుగా ఉంటుంది. ఆ హాల్లో గోడలు, కప్పు, కుర్చీలు ముదురు రంగులో ఉండటం అలంకారం కాదు. తెర మీది వెలుగు గోడలకు తగిలి తిరిగొచ్చి నలుపును బూడిద రంగుగా మార్చకుండా ఉండటానికి. జెనాన్ దీపం కాలం గడిచే కొద్దీ మసకబారుతుంది, ఖర్చు కలిసొస్తుందని మార్చడం ఆలస్యం చేస్తారు. ప్రొజెక్టర్ ఉండే క్యాబిన్ అద్దం మీద దుమ్ము పేరుకున్నా అదే ఫలితం. 3డీలో ఇది మరీ దారుణం. 3డీ ప్రతులను తయారు చేసేదే 4.5 ఫుట్ లాంబర్ట్‌ల లెక్కన, మామూలు వెలుగులో మూడో వంతు. హాలు పేరుకు ఒక అదనం, 3డీ కళ్లద్దాలకు ఇంకో అదనం కట్టి చివరికి చీకటి బొమ్మ చూసి రావలసి వస్తుంది.

దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. మంచు, ఆకాశం, తెల్ల చొక్కా వచ్చిన షాట్‌లో తెలుపు పసుపుగానో బూడిదగానో కనిపిస్తే దీపం పాతబడినట్టే. మధ్యలో మెరుస్తూ అంచుల దగ్గర నల్లబడితే అది 3డీ కోసం వేసిన వెండి పూత తెర కావచ్చు. పక్క సీట్లలో కూర్చున్నవాళ్లకు ఈ లోపం ఇంకా ఎక్కువ. మామూలు హాల్లో 2డీ సినిమాకు క్యాబిన్ కిటికీ నుంచి ఒకదాని మీద ఒకటిగా రెండు కాంతి పుంజాలు వస్తుంటే, కొన్ని రకాల ప్రొజెక్టర్లలో 3డీ లెన్స్ తీయడం మరిచిపోయారని గుర్తు. అయితే డాల్బీ సినిమా, జంట ప్రొజెక్టర్ల ఐమ్యాక్స్ హాళ్లలో రెండు పుంజాలు ఉండటం సహజమే. అక్కడ తప్పు పట్టకండి.

థియేటర్ గొలుసులు సొంతంగా పెట్టుకున్న ప్రీమియం పేర్లతో ఇంకో ఇబ్బంది. ఐమ్యాక్స్, డాల్బీ హాళ్లలో యంత్రం ఏమిటో, గది ఎలా ఉండాలో నిర్ణయించే బయటి సంస్థ ఒకటుంది. సొంత పేర్ల హాళ్లకు అలాంటిదేమీ లేదు. ఒకే పేరు కింద ఒక చోట 4కే లేజర్, ఇంకో చోట పాత 2కే జెనాన్ ఉండొచ్చు. కొన్ని హాళ్లు నిజంగా అద్భుతంగా ఉంటాయి. పొడవాటి 1.43 తెర దొరకని చోట, స్కోప్ సినిమాకు పూర్తి వెడల్పు స్కోప్ తెర ఉన్న సొంత బ్రాండు హాలే మాకు మెరుగనిపించింది. మరికొన్నిటిలో వాలే కుర్చీకి తప్ప దేనికీ డబ్బు పెట్టినట్టు ఉండదు. కుర్చీ కోసం కట్టడంలో తప్పు లేదు, కానీ అది బొమ్మ ఖాతాలో రాయకూడదు. స్క్రీన్‌ఎక్స్‌లో పక్క గోడల మీద బొమ్మ సినిమా పొడవునా ఉండదు, కొన్ని సన్నివేశాల్లోనే వస్తుంది. ఎంతసేపో ముందు తెలుసుకుని కొనాలి.

శబ్దం విషయానికొస్తే, తల మీద కూడా స్పీకర్లు ఉండే డాల్బీ అట్మాస్ ధ్వని వ్యవస్థ ఒకేసారి 128 ధ్వని ధారల దాకా నడిపించి 64 స్పీకర్ల దాకా విడివిడిగా పంచగలదు. హాలు గుమ్మం మీద ఆ లోగో ఉన్నంత మాత్రాన ఆ రోజు సినిమా అట్మాస్‌లో నడుస్తోందని కాదు. థియేటర్‌కు వచ్చిన ప్రతిలో చుట్టూ ఉన్న స్పీకర్లకే సరిపోయే పాత 5.1 ట్రాకే ఉంటే తల మీది స్పీకర్లు ఊరికే ఉంటాయి. రెండో లోపం శబ్దం తగ్గించడం. శబ్దాన్ని నియంత్రించే డాల్బీ ప్రాసెసర్ మీద 7.0 అంకె దగ్గర పెడితే శబ్దం మిక్సింగ్ గదిలో విన్నంత ఉంటుంది. ఎవరో ఒకరు చెవులు నొప్పి అన్నారని 5కు దించి అక్కడే వదిలేస్తే దాదాపు 6.7 డెసిబెల్స్ తగ్గుతుంది, మెల్లగా చెప్పిన మాటలు వినపడవు.

ఇక సీటు. ఎంత గొప్ప తెరైనా చివరి వరసలో కూర్చుంటే చిన్నదే. చివరి వరసకు కూడా తెర 36 డిగ్రీల కోణంలో కనపడాలన్నది థియేటర్ల నాణ్యతకు ప్రమాణాలు పెట్టే టీహెచ్‌ఎక్స్ సంస్థ సిఫార్సు. కొలవడానికి పరికరం అక్కర్లేదు. చేయి బాగా చాచి జాన పెడితే సుమారు 20 డిగ్రీలు. తెర వెడల్పు రెండు జానలుంటే 40 డిగ్రీలు, సినిమాకు చక్కటి చోటు. మూడు జానలుంటే 60, పెద్ద తెర కోసం ఎక్కువ కట్టినవాళ్లు కోరుకునేది ఇదే. ఒకటిన్నర జానే ఉంటే ఆ సీటుకు ప్రీమియం ధర కట్టకండి. దూరంలో చెప్పాలంటే తెర వెడల్పుకు 1.37 రెట్ల దూరంలో 40 డిగ్రీలు, 0.87 రెట్ల దూరంలో 60 డిగ్రీలు వస్తాయి. హాలు ఖాళీగా ఉన్నప్పుడు తెర ముందు ఈ చివర నుంచి ఆ చివరకు అంగలు లెక్కపెట్టి, తర్వాత సీటు దాకా లెక్కపెడితే చాలు. ఒకసారి కొలిచిన వరస నంబరు ఆ హాల్లో ప్రతి సినిమాకూ పనికొస్తుంది. మరీ ముందుకు వెళ్లేముందు ప్రొజెక్టర్ 2కేనా 4కేనా కనుక్కోండి. చూపు బాగున్నవాళ్లకు 2కే బొమ్మలో చుక్కలు తెర వెడల్పుకు 1.7 రెట్ల కంటే దగ్గరగా కూర్చుంటే కనిపించడం మొదలవుతుంది. 4కేలో అది 0.85 రెట్లు. జంట 2కే పాత హాళ్లలో ముందు వరసల నుంచి అక్షరాల అంచులు మెట్లుమెట్లుగా కనిపించేది అందుకే.

బుకింగ్ ముందు మేం చూసే క్రమం ఇలా ఉంటుంది. మొదట సినిమా నిష్పత్తి, అది విస్తరించే సన్నివేశాలు ఎంతసేపు. స్కోప్‌లోనే ఉండి విస్తరణ లేకపోతే ఐమ్యాక్స్ వదిలేసి డాల్బీ సినిమా గానీ మంచి స్కోప్ తెర గానీ. తర్వాత ఆ హాల్లోని ప్రొజెక్టర్ తరం. చివరగా కొలిచిపెట్టుకున్న వరసలో సీటు ఉందా లేదా. ఆ వరస దొరక్కపోతే రోజు మార్చుకోవడమే మేలు, కానీ మరీ వాయిదా వేయకూడదు. పెద్ద హాలు కొత్త సినిమాకు పోతుంది, వారం రెండు వారాల్లో పాతది చిన్న తెరకు మారుతుంది.

లోపం కనపడితే మొదటి పది నిమిషాల్లోనే లేచి వెళ్లి చెప్పాలి. మల్టీప్లెక్సుల్లో క్యాబిన్‌లో మనిషి ఉండటం అరుదు, అన్నీ ముందే పెట్టిన సమయానికి వాటంతటవే నడుస్తాయి. ఎవరో ఒకరు చెప్పేదాకా లోపం ఉందని వాళ్లకు తెలియదు. 'బాగా లేదు' అంటే ఎవరూ కదలరు. 'కుడి పక్క ఫోకస్ మెత్తగా ఉంది', 'తల మీది స్పీకర్లు పలకడం లేదు', 'సగం వెలుగే వస్తోంది, రెండు ప్రొజెక్టర్లూ నడుస్తున్నాయా' అని విడమరిచి అడిగితే మేనేజర్ వెళ్లి చూస్తారు. జంట యంత్రాల్లో ఒకటి ఆగిపోతే ఒక్కదానితోనే ఆట కొనసాగించే వీలుంది కాబట్టి ఆఖరి ప్రశ్న తప్పకుండా వేయండి. బుకింగ్ సమయంలో ఫార్మాట్ పేరు కనిపించే పేజీని ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి. హాలు మార్చినా, వేసే సినిమా ప్రతి మార్చినా, ధరలో తేడా వెనక్కి అడిగేటప్పుడు చూపించాల్సింది దాన్నే.